ఆఫీసులో ప్రేమ... మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో నాకొచ్చే మెయిళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. కోడింగ్ రౌండ్‌లో ఏమడుగుతారు, బ్యాక్‌లాగ్ ఉంటే చెప్పాలా, బాండ్ మీద సంతకం పెట్టొచ్చా... ఇవే. పోయిన నెల ఒక ఫైనలియర్ అబ్బాయి మాత్రం వేరే సంగతి అడిగాడు. 'మేడమ్, మా క్లాసమ్మాయికీ నాకూ ఒకే కంపెనీలో ఆఫర్ వచ్చింది. మేమిద్దరం ప్రేమించుకుంటున్నాం. హెచ్‌ఆర్‌కు తెలిస్తే ఆఫర్ లెటర్ వెనక్కి తీసుకుంటారా? జాయినయ్యాక మేనేజర్‌కు తెలిస్తే ప్రొబేషన్‌లోనే పంపించేస్తారా?'

ఇద్దరు ఫ్రెషర్లు ప్రేమించుకుంటున్నారని ఆఫర్ వెనక్కి తీసుకున్న కంపెనీని నేనింతవరకు చూడలేదు. అదే రాసి పంపాను. కానీ ఆ మెయిల్ నన్ను వదల్లేదు. అతను భయపడుతున్నది ఒకదానికి, జాగ్రత్తపడాల్సింది ఇంకోదానికి. మీలో చాలామంది పరిస్థితి ఇదేననిపించి ఇది రాస్తున్నాను.

మన భయం ఎక్కణ్నుంచి వచ్చిందో మనకు తెలుసు. నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీలో అమ్మాయిల మెట్లు వేరు, అబ్బాయిల మెట్లు వేరు. క్యాంటీన్‌లో ఒకే టేబుల్ దగ్గర కనిపిస్తే మర్నాడు హెచ్‌వోడీ గదిలో నిలబడాల్సిందే. ఐడీ కార్డు లాక్కుని 'మీ నాన్నగారిని తీసుకురా' అనేవారు. నాలుగేళ్లు అలా గడిపి ఉద్యోగానికొచ్చిన వాళ్లకు మేనేజర్ కూడా ఇంకో హెచ్‌వోడీలాగే కనిపిస్తాడు. దాంతో అన్నీ దాచేస్తాం. దాచుకోవాల్సినవీ, చెప్పాల్సినవీ కలిపి దాచేస్తాం.

నాక్కూడా ఇది లీడ్‌నయ్యాకే అర్థమైంది. రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఎనిమిది మంది ఉన్న టీమ్‌ను నాకప్పగించారు. అందులో ఒకతనికి ఆరేళ్ల అనుభవం, పని బాగా వచ్చు. కొత్తగా చేరిన ఫ్రెషర్ అమ్మాయి కోడ్ రివ్యూ చేసే బాధ్యత అతనికే ఇచ్చాను. అంటే ఆమె రాసింది అతను చూసి సరేనంటేనే ముందుకెళ్తుంది. ఏడాది చివర అప్రైజల్ వచ్చింది. ఆమె పని ఎలా ఉందని అతన్నడిగితే చాలా బాగుందన్నాడు. నేను చూసినంతలోనూ బాగానే ఉంది. మంచి రేటింగ్ రాశాను.

రేటింగులు చెప్పిన మర్నాడు టీమ్‌లో ఇంకో అమ్మాయి నా దగ్గరికొచ్చి కూర్చుంది. 'అక్కా, వాళ్లిద్దరి సంగతి మీకు నిజంగా తెలీదా? తెలిసే ఇచ్చారా?' అంది. నిజంగానే తెలీదు. ఆరు నెలలుగా టీమ్ మొత్తానికి తెలుసట, నాకు తప్ప.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి, కాలేజీలో ఎవరూ చెప్పరు. చాలా ఐటీ కంపెనీల్లో రేటింగులు పరీక్ష మార్కుల్లాంటివి కావు. అందరూ బాగా రాస్తే అందరికీ తొంభై వేసే పద్ధతి ఉండదు. టీమ్‌లో ఇంతమందికే పై రేటింగ్ అని ముందే లెక్క ఉంటుంది. ఒకరికిస్తే ఇంకొకరికి ఉండదు. నన్నడగడానికి వచ్చిన అమ్మాయికి ఆ ఏడాది ఒక మెట్టు తగ్గింది, హైక్ కూడా తగ్గింది. నేను ఆ రాత్రి కూర్చుని ఫ్రెషర్ అమ్మాయి రాసిన కోడంతా మొదట్నుంచీ మళ్లీ చూశాను. రేటింగ్‌లో తప్పు లేదు. నిజంగానే బాగా రాసింది. కానీ అప్పటికి ఆ మాట నమ్మేవాళ్లు లేరు. తన కష్టమంతా అతని దయ అయిపోయింది. నాకు పక్షపాతమనే ముద్ర పడింది. అతనికి మాత్రం ఏమీ అంటలేదు.

మా మేనేజర్ దగ్గరికెళ్లాను. యాభైకి దగ్గరపడ్డ మనిషి, ఆఫీసులో గట్టిగా నవ్వడం కూడా నేను చూడలేదు. 'ఆఫీసుకొచ్చి చేసే పనులేనా ఇవి' అని విసుక్కుంటారనుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే: 'ఎవరి పని ఎవరు చూస్తున్నారు?' ఎప్పట్నుంచి, పెళ్లి చేసుకుంటారా, ఇళ్లల్లో తెలుసా... ఇవేవీ అడగలేదు. రివ్యూ అతనే చేస్తున్నాడని చెప్పగానే, 'మరి అతను ముందే చెప్పుండాల్సింది కదమ్మా' అన్నారు.

కుర్చీలు కదిలింది ఇక్కడే

ఆ తర్వాత వేరే మేనేజర్లనూ, హెచ్‌ఆర్‌లో ఉన్న స్నేహితులనూ చాలామందిని అడిగాను. మాటలు వేరైనా అందరూ తిరిగి తిరిగి అక్కడికే వచ్చారు. ఇద్దరి మధ్య ప్రేమ ఉందా లేదా అన్నది వాళ్ల తలనొప్పి కాదు. ఒకరి రేటింగ్, సెలవు, షిఫ్ట్, ఆన్‌సైట్ అవకాశం ఇంకొకరి చేతిలో ఉందా అన్నదే తలనొప్పి. రెండు వేర్వేరు టీముల్లో, సమాన హోదాలో ఉన్న ఇద్దరు ప్రేమించుకుంటే సగం మంది మేనేజర్లకు పెళ్లి కార్డు అందేదాకా తెలియదు. తెలిసినా పట్టించుకోరు.

పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లు పోగొట్టుకున్నదీ దీని దగ్గరే. 2013 మే నెలలో ఐగేట్ అనే ఐటీ కంపెనీ తన సీఈవో ఫణీష్ మూర్తిని తొలగించింది. ఆయన మీద వేధింపుల ఆరోపణ వచ్చింది, ఆయన దాన్ని ఖండించారు. కంపెనీ తొలగింపుకు చెప్పిన కారణం మాత్రం అది కాదు. కింద పనిచేసే ఉద్యోగినితో ఉన్న సంబంధాన్ని తమకు తెలియజేయలేదన్నదే కారణం. 2018 జూన్‌లో ఇంటెల్ సీఈవో బ్రయాన్ క్రజానిచ్ రాజీనామా చేశారు. ఒక ఉద్యోగినితో గతంలో ఇద్దరి ఇష్టంతోనే సాగిన సంబంధమది. కానీ మేనేజర్లకు అలాంటివి కూడదని ఆ కంపెనీ నిబంధన. 2019 నవంబర్‌లో మెక్‌డొనాల్డ్స్ సీఈవో స్టీవ్ ఈస్టర్‌బ్రూక్ పదవి కూడా ఒక ఉద్యోగినితో సంబంధం వల్లే పోయింది. 2025 సెప్టెంబర్‌లో నెస్లే తన సీఈవో లారెంట్ ఫ్రెక్స్‌ను తీసేసింది. నేరుగా తన కింద పనిచేసే ఉద్యోగినితో ఉన్న సంబంధాన్ని ఆయన బయటపెట్టలేదు. ఆయన ఆ కుర్చీ ఎక్కి అప్పటికి సరిగ్గా ఏడాది.

అవన్నీ పెద్దవాళ్ల గొడవలు, మనకెందుకంటారా? గచ్చిబౌలిలోనో, మాదాపూర్‌లోనో మీరు చేరబోయే కంపెనీల్లో చాలావాటికి హెడ్డాఫీసు అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటుంది. జాయినయ్యే రోజు ల్యాప్‌టాప్ తెరిచి, చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కేసే కోడ్ ఆఫ్ కాండక్ట్ చాలాసార్లు అక్కడ రాసిందే. మన కంపెనీలకూ సొంత నిబంధనలుంటాయి. కొన్ని అసలేమీ అనవు. కొన్ని పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య సంబంధం ఉంటే చెప్పమంటాయి. కొన్ని మొత్తానికే వద్దంటాయి. 'కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్' అనే భాగంలో ఈ సంగతి ఉంటుంది. యాభై పేజీలూ చదవక్కర్లేదు, ఆ రెండు పేజీలు చదవండి. నేను ఆరేళ్ల తర్వాత గానీ చదవలేదనుకోండి, అది వేరే విషయం.

ప్రశ్న సరే, జవాబు మాటేంటి?

ఇప్పటిదాకా మేనేజర్లను వెనకేసుకొచ్చాను కదా, ఇక నచ్చనిది చెప్తాను. మా మేనేజర్ సరైన ప్రశ్నే అడిగారు. తర్వాత తీసుకున్న నిర్ణయం మాత్రం సరైంది కాదు. ఇద్దర్నీ విడదీయాలన్నారు. 'అతను లేకపోతే రిలీజ్ ఆగిపోతుంది, ఆమె ఫ్రెషరే కదా, ఎక్కడైనా సర్దుకుంటుంది' అన్నారు. వారం తిరక్కుండా ఆమెను ఇంకో ప్రాజెక్టుకు మార్చేశారు. ఆమె మొదట్నుంచీ రాసుకొచ్చిన మాడ్యూల్ ఇంకో మూడు వారాల్లో కస్టమర్‌కు చేరబోతోంది. ఆ రిలీజ్ మెయిల్‌లో ఆమె పేరు లేదు.

వెళ్లేముందు నా దగ్గరికొచ్చింది. 'అక్కా, చెప్పాల్సింది ఆయన కదా. మారింది నేనెందుకు?' అనడిగింది. 'ప్రాజెక్టు అవసరం' అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. నేను ఆ గదిలో మేనేజర్‌తో ఇంకొక్క మాట మాట్లాడి ఉండాల్సింది, మాట్లాడలేదు. కొత్త లీడ్‌ను, నా మీదే పక్షపాతం మాట నడుస్తోంది, ఎందుకొచ్చిన గొడవనుకున్నా.

నా బుద్ధికి తర్వాత తట్టిందేంటంటే, ఆమె ఎక్కడికీ కదలక్కర్లేదు. రివ్యూయర్ పేరు మారిస్తే చాలు. టూల్‌లో దానికి రెండు నిమిషాలు పడుతుంది. మొదటి నెలలోనే నాతో ఒక్క మాట చెప్పుంటే ఆ రెండు నిమిషాలతో పోయేది. అప్రైజల్ అయిపోయి, టీమ్‌లో నమ్మకం పోయాక తెలిసింది కాబట్టి అది ఒకమ్మాయి ప్రాజెక్టును మింగేసింది.

అందుకే నేను ఫ్రెషర్లకు చెప్పేది ఇదీ. మీ పనిని చూసేవాళ్లతో, మీకు రేటింగ్ ఇచ్చేవాళ్లతో లేదా రేటింగ్ కోసం అడిగితే మీ గురించి చెప్పేవాళ్లతో ప్రేమ కుదిరితే, మొదట్లోనే చెప్పండి. చెప్పాల్సిన బాధ్యత పైన ఉన్నవారిది. కింద ఉన్నది మీరైతే, 'నువ్వెళ్లి చెప్పు' అని గట్టిగా అడగండి. 'ఇప్పుడొద్దులే, నా ప్రమోషన్ అయ్యాక చూద్దాం' అన్నాడనుకోండి, ఎవరి కెరీర్ లెక్కలోకి వస్తోందో, ఎవరిది రావడం లేదో మీకే తెలిసిపోతుంది. (అన్నాడు అన్నాను గానీ, పైన ఉన్నది అమ్మాయైనా ఇదే మాట.)

చెప్పేటప్పుడు కథంతా అక్కర్లేదు. 'మేమిద్దరం రిలేషన్‌షిప్‌లో ఉన్నాం. నా పని తను చూడకుండా వేరేవాళ్లకు అప్పగించండి. ఈ సంగతి తెలియాల్సిన వాళ్లకు మించి ఎవరికీ తెలియకుండా చూడండి.' ఈ మూడు ముక్కలు చాలు. ముందు నోటితో చెప్పి, తర్వాత రెండు లైన్ల మెయిల్ పెట్టండి. ఎవరినైనా మార్చాల్సి వస్తే ఎందుకు మారుస్తున్నారో రాసివ్వమని అడగండి. అడగడం తప్పు కాదు.

ఆ మూడో ముక్క ఎందుకంటే

నా మొదటి ఉద్యోగంలో జరిగింది చెప్తాను. మా ట్రైనింగ్ బ్యాచ్‌లో నా పక్క సీటు అమ్మాయి. ఎస్‌క్యూఎల్‌లో మా అందరికంటే చురుగ్గా ఉండేది. నాకు జాయిన్లు అర్థమయ్యేలా చెప్పింది ట్రైనర్ కాదు, తనే. వేరే బ్యాచ్ అబ్బాయితో స్నేహం ప్రేమైంది. ఇద్దరివీ వేర్వేరు కులాలు. ఆఫీసుపరంగా అసలు సమస్యే లేదు, ఎవరూ ఎవరి కింద పనిచేయడం లేదు. వాళ్లిద్దర్నీ బస్టాప్ దగ్గర చూసిన ఒక సూపర్‌వైజర్‌కు మాత్రం ఇది తన బాధ్యతనిపించింది. రికార్డుల్లోంచి ఆమె ఎమర్జెన్సీ కాంటాక్ట్ నంబర్ తీసి వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. 'మీ అమ్మాయి మంచి కోసమే చెప్తున్నానండీ' అన్నాడట.

శుక్రవారం రాత్రి వాళ్ల నాన్న, బాబాయి హాస్టల్‌కొచ్చారు. సోమవారం నా పక్క సీటు ఖాళీ. పది రోజులకు రాజీనామా మెయిల్ వచ్చింది. ల్యాప్‌టాప్ వాళ్లన్నయ్య తెచ్చి సెక్యూరిటీ దగ్గర ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ సూపర్‌వైజర్ చెడ్డ మనిషేం కాదు, మాకు పండక్కి స్వీట్లు పంచేవాడు. తను ఒక ఆడపిల్లను కాపాడానని చివరిదాకా నమ్మాడు. ఇరవై రెండేళ్ల మనిషి, సొంత జీతం, సొంత పాన్ కార్డు ఉన్న మనిషి గురించి వాళ్ల నాన్నకు ఫోన్ చేసే హక్కు అతనికెవరిచ్చారని మేం ముప్పై మందిమీ ఒక్కరం కూడా అడగలేదు.

మేనేజర్లందరూ మా మేనేజర్‌లా ఉండరని, కొందరు ఇంకా హెచ్‌వోడీలేనని చెప్పడానికే ఇది. కాబట్టి రెండు జాగ్రత్తలు. మీ ఇద్దరి పనికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, కంపెనీ నిబంధన అడగకపోతే, ఎవరికీ చెప్పక్కర్లేదు. అది మీ సొంత విషయం. ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర నాన్న నంబరే ఇవ్వాలని రూలేం లేదు. అక్క, స్నేహితురాలు, రూమ్మేట్... మీకేదైనా అయితే వెంటనే పరిగెత్తుకొచ్చేవాళ్లు ఎవరైతే వాళ్లది ఇవ్వండి.

ఇంకోవైపు

ప్రేమ అని మీరనుకుంటున్నది అవతలివాళ్లకు కూడా ప్రేమేనా? మన సినిమాల్లో హీరో ఇంటర్వెల్ దాకా వెంటపడతాడు, ఇంటర్వెల్ తర్వాత ఆ అమ్మాయే వెంటపడుతుంది. ఆఫీసులో ఇంటర్వెల్ దాకా వెళ్లరు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో మార్గదర్శకాలిచ్చింది. 2013లో చట్టమే వచ్చింది, అందరూ పోష్ చట్టం అంటారు. ఆ చట్టం ప్రేమను నేరమనదు. అవతలి మనిషికి ఇష్టంలేని ప్రవర్తననే పట్టుకుంటుంది. 10 మంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే ఉండాలి, బయటి సభ్యులొకరుండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తికావాలి. ఇంటర్న్‌లకూ, ట్రైనీలకూ ఇది వర్తిస్తుంది. 'నేనింకా పర్మనెంట్ కాలేదు కదా' అని ఊరుకోకండి.

2018లో గూగుల్, ఫేస్‌బుక్‌ల నిబంధన ఒకటి వార్తల్లోకొచ్చింది. తోటి ఉద్యోగిని డేట్‌కు రమ్మని ఒక్కసారే అడగాలి. 'ఆ రోజు బిజీ' లాంటి జవాబొస్తే కూడా కాదన్నట్టే లెక్క. నాకు ఇది చాలా నచ్చింది. మనవాళ్లకు మొహం మీద 'నో' చెప్పడం రాదు, 'చూద్దాంలే', 'ఇంట్లో ఒప్పుకోరు' అంటాం. అదే 'నో' అని వినడం నేర్చుకోవాలి. విడిపోయాక కూడా అంతే. నాకు తెలిసి హెచ్‌ఆర్‌వాళ్లు ఎక్కువ బెంబేలెత్తేది ప్రేమలకు కాదు, బ్రేకప్‌లకు. నిన్నటిదాకా ఇష్టమైన మెసేజ్ ఇవాళ ఇష్టం కాకపోవచ్చు. నిన్న సరేనన్నారని ఇవాళ సరేననాలని లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆఫీసు చాట్‌లో మాట్లాడుకోకండి, అది కంపెనీ ఆస్తి, అవసరమైతే తీసి చదువుతారు. ఒకరి కార్డు ఇంకొకరు స్వైప్ చేయడం, పాస్‌వర్డ్ ఇచ్చుకోవడం ప్రేమకు గుర్తు కాదు, ఉద్యోగం పోవడానికి దగ్గరి దారి. ఇద్దరూ వేర్వేరు క్లయింట్లకు ఒకే గదిలోంచి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తుంటే కాల్స్ వచ్చినప్పుడు ఒకరు బయటికెళ్లండి. ఇంటర్వ్యూలో అమ్మాయిల్ని మాత్రమే 'పెళ్లెప్పుడు, బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా' అనడిగే మేనేజర్లు ఇంకా ఉన్నారు. 'ఈ ఉద్యోగానికి దానితో సంబంధమేంటో చెప్తే జవాబిస్తాను' అని నవ్వుతూనే అనండి. నేనన్నాను, ఆ ఉద్యోగం రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

మెయిల్ రాసిన అబ్బాయికి రెండోసారి పెద్ద జవాబు రాశాను. ఇద్దరూ ఫ్రెషర్లే కాబట్టి ప్రస్తుతానికి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదన్నాను. ట్రైనింగ్ అయ్యాక ఒకరికి హైదరాబాద్, ఇంకొకరికి పుణె పోస్టింగ్ పడితే అమ్మకు బాగాలేదని అబద్ధం చెప్పి మార్పించుకోవద్దన్నాను. మూడేళ్ల తర్వాత ఒకరు లీడ్ అయి ఇంకొకరు అదే టీమ్‌లోకి వచ్చే రోజొస్తే ఆ రోజే నోరు విప్పమన్నాను. 'మూడేళ్ల దాకా ఎందుకు మేడమ్, తనే ముందు లీడ్ అవుతుంది' అని రాశాడు.

మా టీమ్ నుంచి వెళ్లిన అమ్మాయి ఇప్పుడు వేరే కంపెనీలో ఉంది. అతనూ ఈమధ్యే అదే కంపెనీలో వేరే విభాగంలో చేరాడు. ఇద్దరికీ వచ్చే ఫిబ్రవరిలో పెళ్లి. పోయిన వారం తను ఫోన్ చేసింది, పెళ్లి కబుర్లకు కాదు. అక్కడ ఏటా నింపే డిక్లరేషన్ ఫారంలో 'ఈ కంపెనీలో మీకు దగ్గరి సంబంధం ఉన్నవారు ఎవరైనా పనిచేస్తున్నారా' అనే గడి ఉందట. పెళ్లయ్యాక రాయాలా, ఇప్పుడే రాయాలా అనడిగింది. ఇప్పుడే రాయమన్నాను. 'రాసేశానక్కా, మీరేమంటారో చూద్దామని అడిగా' అంది.